అజ్హర్ ప్రాంగణంలో అక్కయ్య ప్రశ్న

ఉమ్రా ఆరాధన ముగించుకుని జెద్దా నుండి కైరో విమానం ఎక్కవలసిన ముందు రోజు రాత్రి మా అక్కయ్య ఫోను చేసింది. ఆమె కుమారుడు, అంటే నా మేనల్లుడు, ఐదేళ్ళుగా కైరోలోని జామియా అల్ అజ్హర్‌లో విద్యనభ్యసిస్తున్నాడు. ప్రస్తుతం ఉసూలుద్దీన్ కళాశాలలో హదీసు విభాగం చివరి సంవత్సరం. మక్కా, మదీనాల దర్శనం తర్వాత ఐదు రోజులు అతని వద్ద గడిపి స్వదేశానికి తిరిగి రావాలన్నది నా ఉద్దేశం.

కుశల ప్రశ్నలయ్యాక అక్కయ్య కొంతసేపు మౌనంగా ఉండిపోయింది. తర్వాత నెమ్మదిగా అన్నది: "తమ్ముడూ! వాడు తిరిగి వచ్చాక ఏం చేస్తాడో అడిగి రా. సమాధానం నువ్వు చెప్పవద్దు. వాణ్ణే చెప్పనివ్వు."

బావగారు ఆరేళ్ళ క్రితం అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. నాటి నుండి అక్కయ్య కుట్టుమిషను మీదనే ఆ ఇల్లు నడుస్తోంది. కుమారుణ్ణి కైరో పంపడానికి ఆమె చేతి గాజులు రెండు అమ్మింది. పెళ్ళీడుకొచ్చిన కుమార్తె ఇంట్లో ఉన్నది. పిల్లవాణ్ణి పంపుదామని పట్టుబట్టినవాణ్ణి నేనే. "ధర్మవిద్య నేర్చినవాడికి అల్లాహ్ దారి చూపుతాడు, నీవు దిగులు పడకు" అని ఆనాడు ఆమెకు నచ్చజెప్పిందీ నేనే. ఆ మాటలో అసత్యం లేదు. కానీ దారి చూపేవాడు అల్లాహ్ అయినప్పుడు, నడవవలసిన కాళ్ళు మనవే కదా! ఆ రెండో సగం నేను ఆమెకు చెప్పలేదు. పిల్లవాడికీ చెప్పలేదు.

విమానాశ్రయంలో అతను ఎదురొచ్చి సలాం చేసి నా చేతిలోని సంచీ అందుకున్నాడు. ఊరు విడిచినప్పుడు మీసకట్టు కూడా సరిగా రాని కుర్రవాడు. ఇప్పుడు నిండైన గడ్డం, మెడచుట్టూ ఉన్ని శాలువా, నోటి నిండా అరబ్బీ. కైరో చలికాలం మన రాయలసీమవారికి కొత్త. ఎండ కాస్తూనే ఉంటుంది, గాలి మాత్రం ఎముకలు కొరుకుతుంది.

మరునాడు ఉదయం అతను నన్ను మస్జిద్ అల్ అజ్హర్‌కు తీసుకువెళ్ళాడు. దారిలో అల్పాహారంగా ఉడికించిన చిక్కుడు గింజలతో చేసిన 'ఫూల్', మన మసాలా వడను తలపించే 'తామియా', వాటితోపాటు పొట్టు గోధుమల రొట్టె తిన్నాము. హుసైన్ మస్జిదు వైపు నుండి రోడ్డు కింది సొరంగ మార్గం గుండా నడిచి పైకి వచ్చేసరికి అజ్హర్ మీనార్లు కళ్ళ ముందు నిలిచాయి. విద్యార్థి దశలో పుస్తకాల్లో చదివిన పేరు అది. మా ఉస్తాదులు ఆ పేరు ఉచ్చరించినప్పుడు గొంతు కాస్త తగ్గించేవారు. యాభై ఏళ్ళు దాటిన తర్వాత ఆ గడప తొక్కుతానని నేను ఊహించలేదు. అల్ హమ్దులిల్లాహ్!

మేము ప్రవేశించిన ద్వారాన్ని 'బాబుల్ ముజయ్యినీన్' అంటారు. అంటే మంగలివారి ద్వారం. పూర్వం విద్యార్థులకు క్షౌరం చేసేవారు ఇక్కడే కూర్చునేవారట. ఇంత గొప్ప విద్యాకేంద్రపు ముఖద్వారానికి ఒక వృత్తిదారుల పేరు నిలిచి ఉండడం నాకెందుకో ఎంతో నచ్చింది.

లోపల తెల్లని పాలరాతి ప్రాంగణం. చుట్టూ వసారాలు. వాటి వెనుక స్తంభాల వరుసలు. ఫాతిమీల పాలనలో క్రీ.శ. 970లో ఈ మస్జిదుకు పునాది పడింది. 972లో నమాజులు ఆరంభమయ్యాయి. కొద్ది సంవత్సరాలకే బోధన కూడా మొదలైంది. సలాహుద్దీన్ అయ్యూబీ కాలంలో ఇక్కడ జుమా నమాజు ఆగిపోయింది. సుల్తాన్ బైబర్స్ 1266లో దాన్ని పునరుద్ధరించాడు. నాటి నుండి అహ్లె సున్నత్ విద్వాంసులకు ఇది నిలయమైంది. పూర్వం ఒక్కొక్క ఉస్తాదుకు ఒక్కొక్క స్తంభం ఉండేది. ఆ స్తంభానికి ఆనుకుని ఆయన కూర్చుంటే, చుట్టూ అర్ధచంద్రాకారంగా విద్యార్థులు కూర్చునేవారు. నేడు తరగతులు విశ్వవిద్యాలయ భవనాల్లో జరుగుతున్నా, మస్జిదులోని బోధనా వలయాలు ఆగిపోలేదు. మేము వెళ్ళిన సమయంలోనూ ఒక వృద్ధ పండితుడు ఫిఖ్హ్ పాఠం చెబుతున్నారు. ఆఫ్రికా ముఖాలు, మలయా ముఖాలు, మధ్య ఆసియా ముఖాలు ఆయన చుట్టూ చేరి ఉన్నాయి.

ప్రాంగణం చుట్టూ ఉన్న 'రివాఖు'ల గురించి నా మేనల్లుడు వివరించాడు. రివాఖ్ అంటే దూరదేశాల విద్యార్థుల బస. తుర్కులకు ఒకటి, షామ్ వారికి ఒకటి, మగ్రిబ్ వారికి ఒకటి, హిందూ దేశం నుండి వచ్చినవారికీ ఒకటి ఉండేవి. చరిత్రకారుడు అబ్దుర్రహ్మాన్ అల్ జబర్తీ పూర్వీకులు ఈ విధంగానే ఆఫ్రికా కొమ్ము ప్రాంతం నుండి వచ్చి తమ వారి రివాఖ్‌కు పెద్దలుగా వ్యవహరించారు. ప్రతి విద్యార్థికీ వఖ్ఫ్ ఆదాయం నుండి రోజువారీ రొట్టెలు అందేవి. దాన్ని 'జిరాయా' అనేవారు. అంటే విద్యార్థి రొట్టె గురించి చింతించనక్కరలేదు. సమాజమే ఆ చింతను నెత్తికెత్తుకుంది.

ఆ ఏర్పాటు వెనుక పొలాలు, దుకాణాలు, సత్రాలు, లెక్కలు రాసే గుమాస్తాలు ఉన్నారు. ఎవరో దూరదృష్టితో ప్రణాళిక వేసినందువల్లనే తరతరాల విద్యార్థులు నిశ్చింతగా చదివారు. 19వ శతాబ్ది ఆరంభంలో ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీ పాషా వఖ్ఫ్ భూములను ప్రభుత్వ ఆధీనంలోకి తీసుకున్నాడు. దానితో ఆ పునాది కదిలింది. రొట్టె తగ్గితే పాఠమూ పలచబడుతుందని ఆ కాలపు పండితులు చేదు అనుభవంతో తెలుసుకున్నారు.

ఆనాటి విద్యార్థి తిరిగి వెళ్ళాక ఏం చేస్తాడన్న ప్రశ్న కూడా పెద్దగా తలెత్తేది కాదు. అతడు తన దేశంలో ఖాజీ అయ్యేవాడు, ముఫ్తీ అయ్యేవాడు, పాలకుని కొలువులో లేఖకుడయ్యేవాడు. రాజ్య యంత్రాంగానికి ఆ విద్య అవసరం. కొత్త పాఠశాలలు, కొత్త న్యాయస్థానాలు వచ్చిన తర్వాత ఆ తలుపులు ఒక్కొక్కటిగా మూసుకున్నాయి. ఆ మార్పును ముందే పసిగట్టిన అజ్హరీ ఒకరున్నారు: రిఫాఆ అత్తహ్తావీ. 1826లో పారిస్ వెళ్ళిన ఈజిప్టు విద్యార్థుల బృందానికి ఆయన్ను ఇమాముగా పంపించారు. ఆయన పని నమాజు చేయించడం మాత్రమే. కానీ ఆయన ఆ ఐదేళ్ళలో ఫ్రెంచి భాషను స్వాధీనం చేసుకున్నారు. తిరిగి వచ్చాక కైరోలో 1835లో నెలకొన్న భాషల పాఠశాలకు సారథ్యం వహించి, అనువాదకుల ఒక తరాన్నే తయారు చేశారు. ఇమాముగా వెళ్ళినవారు ఇమామత్ వదలకుండానే మరొక ద్వారం తెరుచుకున్నారన్నమాట.

1961లో వచ్చిన చట్టంతో అజ్హర్ స్వరూపం మరింత మారింది. ధార్మిక కళాశాలల సరసన వైద్యం, ఇంజినీరింగు, వ్యవసాయం, వాణిజ్యం వచ్చి చేరాయి. స్త్రీలకు ప్రత్యేక కళాశాల ఏర్పడింది. నస్ర్ సిటీలోని ఆ ప్రాంగణం ముందు నుండి మేము వెళ్ళిన సాయంత్రం, పుస్తకాలు గుండెలకు హత్తుకుని గుంపులుగా బయటికి వస్తున్న మలేషియా, ఇండోనేషియా అమ్మాయిలను చూశాను. మన ఇళ్ళలో కుమారుడి చదువు గురించి జరిగే సమాలోచనలో సగమైనా కుమార్తె చదువు గురించి జరుగుతుందా అని ఆలోచించాను. ఆ ప్రశ్నకు నా ఇంటి నుండి కూడా నాకు సంతృప్తికరమైన జవాబు దొరకలేదు.

నా మేనల్లుడు నస్ర్ సిటీలోని పదో హయ్యులో మరో నలుగురితో కలిసి ఒక అద్దె ఇంట్లో ఉంటున్నాడు. విదేశీ విద్యార్థుల కోసం 'మదీనతుల్ బువూస్' అనే వసతి నగరం ఉన్నా, అందులో చోటు దొరకనివారు ఇలా అద్దె ఇళ్ళను ఆశ్రయిస్తారు. ఆ రాత్రి నేలపై దస్తర్‌ఖాన్ పరిచి అందరం కలిసి భోజనం చేశాము. అన్నం, మసూరు పప్పు, మాకరోనీ కలిపి వేయించిన ఉల్లిపాయలు చల్లిన 'కుషరీ' ఒక పళ్ళెంలో, మావాడు వండిన పప్పుచారు మరో గిన్నెలో. ఇండోనేషియా కుర్రవాడు పప్పుచారును గ్లాసుతో తాగాడు!

భోజనానంతరం నేను అందరినీ ఒకే ప్రశ్న అడిగాను: "నాయనలారా! పట్టా చేతికొచ్చాక ఏం చేస్తారు?"

ఇండోనేషియా విద్యార్థి తడుముకోలేదు. తనను పంపిన పెసాంత్రెన్‌లోనే, అంటే ధార్మిక గురుకులంలోనే, బోధిస్తాడు. దాని ఆధ్వర్యంలో నడిచే సహకార దుకాణం లెక్కలు కూడా చూస్తాడు. అందుకోసం సెలవుల్లో అకౌంటింగు నేర్చుకుంటున్నాడు. మలేషియా విద్యార్థి ఇస్లామీ బ్యాంకింగులో పై చదువు చదవాలనుకుంటున్నాడు. వారి దేశంలో ధార్మిక వ్యవహారాలకు ప్రభుత్వ శాఖలున్నాయి, షరీఅత్ న్యాయస్థానాలున్నాయి. నైజీరియా విద్యార్థి తమ పట్టణంలో అరబ్బీ పాఠశాల స్థాపిస్తానన్నాడు. స్థలం వాళ్ళ నాన్న ఇస్తానన్నాడట, మొదటి రెండేళ్ళు ఎవరు ఏ తరగతి చెప్పాలో కూడా రాసుకున్నాడు.

అజ్హర్ నుండి తమ దేశాలకు తిరిగి వెళ్ళి ఉన్నత స్థానాలకు చేరినవారు ఎందరో ఉన్నారు. మాల్దీవులను 1978 నుండి 2008 వరకు పాలించిన మామూన్ అబ్దుల్ గయూమ్ ఇక్కడి విద్యార్థే. ఇండోనేషియాకు చెందిన ప్రఖ్యాత ఖుర్ఆన్ వ్యాఖ్యాత ఖురైష్ షిహాబ్ ఇక్కడే డాక్టరేటు పొందారు. అయితే ఆ దేశాల పరిస్థితి వేరు, మన పరిస్థితి వేరు. అక్కడ ధార్మిక విద్యావంతుడి కోసం ప్రభుత్వంలోనే కుర్చీలున్నాయి. మన దేశంలో అతని దారి అతనే వేసుకోవాలి. కనుక వారి కన్నా మనవారికే ముందాలోచన ఎక్కువ అవసరం. విచిత్రమేమంటే, ఆ రాత్రి ఆ గదిలో అందరి కన్నా ఆలోచన తక్కువగా ఉన్నది మనవాడికే!

అతని వంతు వచ్చింది. తల వంచుకుని, "అల్లాహ్ ఏది రాసి ఉంచితే అది, మామూ" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు చెమటలు పట్టాయి. ఎందుకంటే అది అతని మాట కాదు. మా మద్రసాలో ముప్ఫై ఏళ్ళుగా నేను చెబుతూ వచ్చిన మాట. ఉపాధి గురించి అడిగిన ప్రతి విద్యార్థికీ నేనిచ్చిన జవాబు అదే. ఆ జవాబుతో ఒక విద్యార్థి జీవితం ఏమైందో నాకు తెలుసు.

పన్నెండేళ్ళ కిందటి మాట. నా శిష్యుల్లో ఎంతో ప్రతిభావంతుడు ఒకడు ఇలాగే విదేశీ ధార్మిక విశ్వవిద్యాలయంలో చదివి పట్టాతో తిరిగి వచ్చాడు. మార్కుల పత్రాలపై అక్కడి విదేశాంగ శాఖ ముద్ర గాని, మన రాయబార కార్యాలయం ముద్ర గాని వేయించుకోలేదు. వేయించుకోవాలని ఎవరూ చెప్పలేదు. ఇక్కడ ఎం.ఏ.లో చేరబోతే ఆ పత్రాలు చెల్లవన్నారు. మళ్ళీ వెళ్ళడానికి టిక్కెట్టు డబ్బులు లేవు. ఒక మస్జిదులో ఇమాముగా కుదిరాడు. ఆ జీతంతో తల్లిదండ్రులను, భార్యాబిడ్డలను పోషించలేక ఏడాది తిరగకుండానే మానేశాడు. కొన్నేళ్ళ తర్వాత ఒకరోజు బస్టాండు దగ్గర సరుకుల ఆటో నడుపుతూ నాకు కనిపించాడు. నేను సలాం చేయబోయేంతలో అతను టోపీ తీసి జేబులో పెట్టుకుని మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఆటో నడపడంలో తప్పేముంది? అది ధర్మసమ్మతమైన సంపాదన. అతను నన్ను చూసి సిగ్గుపడ్డాడే, అది నన్ను ఈనాటికీ తొలుస్తోంది. చేతి కష్టంతో బ్రతకడం ఆలిముకు చిన్నతనమన్న భావన అతనికి ఎక్కడి నుండి వచ్చింది? నేను కూర్చున్న చాప మీది నుండే వచ్చింది. ఈ మాట రాయడానికి నాకు ఇంతకాలం పట్టింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఉన్నది ఈజిప్టు గడ్డపై. మనసు సహజంగానే సూరా యూసుఫ్ మీదికి పోయింది. ముప్ఫై ఏళ్ళుగా బోధిస్తున్న సూరాయే, ఆ రాత్రి కొత్తగా కనిపించింది. హజ్రత్ యూసుఫ్ (అలై) ఇదే దేశంలో రాజు కలకు అర్థం చెప్పి ఊరుకోలేదు. ఏడేళ్ళు పండించాలి, ధాన్యాన్ని వెన్నులతోనే నిల్వ ఉంచాలి, తర్వాతి ఏడేళ్ళ కరువులో దాన్ని వాడాలి అని స్పష్టమైన ప్రణాళిక చెప్పారు. పదిహేనో ఏడు వర్షాలు కురుస్తాయనీ చెప్పారు. ఆపైన రాజు వద్ద తన అర్హతలు తానే తెలియజేసి ఖజానాల బాధ్యత అడిగి తీసుకున్నారు. దైవప్రవక్తకు మించిన తవక్కుల్ ఎవరికుంటుంది? ఆ తవక్కుల్ పద్నాలుగేళ్ళ లెక్కకు అడ్డు రాలేదు.

ఆయన తండ్రి హజ్రత్ యాఖూబ్ (అలై) తన కుమారులను ఈజిప్టుకు పంపుతూ, అందరూ ఒకే ద్వారం గుండా ప్రవేశించకండి, వేరు వేరు ద్వారాల గుండా ప్రవేశించండి అని ఉపదేశించారు. ఆ వెంటనే, తాను నమ్ముకున్నది అల్లాహ్‌నే అన్నారు. ఉపాయం, నమ్మకం రెండూ ఒకే నోట, ఒకే సందర్భంలో వెలువడ్డాయి. మనం మన పిల్లలను పంపేటప్పుడు రెండో మాట చెబుతున్నాం, మొదటిది మరచిపోతున్నాం. అందరినీ ఒకే ద్వారం ముందు నిలబెడుతున్నాం. ఆ ద్వారం ఇరుకైనప్పుడు పిల్లవాణ్ణి తప్పు పడుతున్నాం.

మూడో రోజు అజ్హర్ మస్జిదు వెనుక ఉన్న దర్బుల్ అత్రాక్ వీధికి వెళ్ళాము. ఇరుకైన ఆ సందులో అన్నీ పుస్తకాల దుకాణాలే. గుమ్మం నుండి కప్పు దాకా బంగారు అక్షరాల అట్టలు. ఒక దుకాణంలో పాత పుస్తకాల వరుసలో ఇమామ్ బైహఖీ (రహ్మ) గారి 'అస్సుననుల్ కుబ్రా' పది సంపుటాలు కనిపించాయి. మొదటి సంపుటం తెరిచి ముద్రణ వివరాలు చూసి నేను నిలువునా నిలిచిపోయాను: దాయిరతుల్ మఆరిఫ్, హైదరాబాదు దక్కన్!

1888లో హైదరాబాదులో స్థాపితమైన ఆ సంస్థ ప్రపంచం నలుమూలల నుండి అరబ్బీ వ్రాతప్రతులు సేకరించి, సరిపోల్చి, పరిష్కరించి ముద్రించింది. ఇబ్నె హజర్ (రహ్మ) గారి 'తహ్జీబుత్తహ్జీబ్' పన్నెండు సంపుటాలు అక్కడే వెలువడ్డాయి. అల్ బిరూనీ ఖగోళశాస్త్ర గ్రంథం అక్కడే అచ్చయింది. ఆ ప్రతులనే తర్వాత అరబ్బు దేశాలవారు తిరిగి ముద్రించుకున్నారు. దుకాణదారు ఆ సంపుటాన్ని నిమిరి, "తబ్అతుల్ హింద్" అన్నాడు. హిందూ దేశపు ముద్రణ అని అర్థం. ఆ మాటలో గౌరవం ధ్వనించింది. మా ఊరి నుండి ఒక రాత్రి ప్రయాణ దూరంలో ఉన్న నగరంలో, జీతం తీసుకుని అక్షరం అక్షరం సరిచూసిన ఉద్యోగుల శ్రమ అది. వారు తమ విద్యతో బ్రతికారు, తమ విద్యనూ బ్రతికించారు.

పక్క అరల్లోని పుస్తకాల వెన్నులపై రచయితల పేర్లు చదువుతూ మేనల్లుణ్ణి అడిగాను: "ఖస్సాఫ్ అంటే అర్థం ఏమిటి నాయనా?"

"చెప్పులు కుట్టేవాడు, మామూ."

"ఆయన రాసిన పుస్తకం?"

"వఖ్ఫ్ ధర్మశాసనాలు."

"జస్సాస్?"

"సున్నం పని చేసేవాడు. ఆయనది అహ్కాముల్ ఖుర్ఆన్."

"ఖఫ్ఫాల్?"

"తాళాలు చేసేవాడు" అంటూ నవ్వేశాడు. నా ప్రశ్నల ఉద్దేశం అతనికి అర్థమైంది. ఇమామె ఆజమ్ అబూ హనీఫా (రహ్మ) కూఫాలో బట్టల వర్తకులు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వలస వచ్చిన రోజుల్లో అన్సారీ సోదరుడు తన ఆస్తిలో సగం ఇస్తానంటే, ఆయనకు దుఆ చేసి, బజారుకు దారి చూపమని మాత్రమే అడిగారు. ఈ మహనీయుల పేర్లను మనం గౌరవంగా ఉచ్చరిస్తాం. ఆ పేర్లలో చెప్పుల వాసన, సున్నపు మరక ఉన్నాయని మాత్రం గుర్తించం.

నాలుగో రోజు సాయంత్రం అజ్హర్ పార్కులోని ఎత్తైన దిబ్బ మీద కూర్చున్నాము. కొన్ని శతాబ్దాల పాటు నగరం చెత్త పోసిన గుట్టలవి. వాటినే చక్కదిద్ది 2005లో ఉద్యానవనంగా తెరిచారు. ఎదురుగా పాత కైరో మీనార్లు మసక వెలుగులో వరుస కట్టాయి. అక్కడ అక్కయ్య ప్రశ్నను ఆమె మాటల్లోనే అతని ముందుంచాను. ఆటో నడిపే నా శిష్యుడి సంగతి కూడా దాచకుండా చెప్పాను. "నీకు తవక్కుల్‌లో సగమే నేర్పాను. నా తప్పును అల్లాహ్ మన్నించుగాక!" అన్నాను.

అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "మామూ, భయం లేక కాదు. అడిగితే విశ్వాసం తక్కువ అనుకుంటారని భయం. అమ్మ గాజుల సంగతి నాకు ప్రతి రాత్రీ గుర్తొస్తుంది."

మగ్రిబ్ నమాజు తర్వాత కాగితం, కలం తీసుకున్నాము. అక్కయ్య షరతు ప్రకారం నేను ప్రశ్నలే అడిగాను, జవాబులు అతనే రాశాడు. మన పాఠకుల ఇళ్ళలోనూ ఇలాంటి పిల్లలుంటారు గనుక ఆ కాగితంలోని ముఖ్యాంశాలు ఇక్కడ ప్రస్తావిస్తున్నాను.

మొదటిది పత్రాల పని. కైరో విడిచే ముందే పట్టా, ప్రతి సంవత్సరపు మార్కుల జాబితా తీసుకోవాలి. వాటిపై విశ్వవిద్యాలయం, ఈజిప్టు విదేశాంగ శాఖ, మన రాయబార కార్యాలయం ముద్రలు వేయించాలి. స్వదేశంలో ఆ పట్టాకు సమానతా ధృవీకరణ పొందాలి. ఏ విశ్వవిద్యాలయంలో చేరదలచామో ఆ విశ్వవిద్యాలయాన్నే ముందుగా ఉత్తరం ద్వారా అడిగి నియమాలు తెలుసుకోవాలి. పిల్లవాణ్ణి విదేశానికి పంపక ముందే ఈ విచారణ చేసి ఉంటే ఇంకా మంచిది.

రెండోది బోధన. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం, మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం, ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయాలలో అరబ్బీ శాఖలున్నాయి. ఎం.ఏ. చేసి, అరబ్బీలో నెట్ పరీక్ష ఉత్తీర్ణుడైతే కళాశాల అధ్యాపకుడయ్యే అర్హత లభిస్తుంది. పాఠశాలలో బోధించాలంటే బి.ఇడి. అవసరం.

మూడోది భాషాసేవ. యమన్, ఒమాన్, ఇరాఖ్, సూడాన్ దేశాల నుండి చికిత్స కోసం రోగులు హైదరాబాదు ఆసుపత్రులకు వస్తుంటారు. వారికీ వైద్యులకూ మధ్య నమ్మకమైన దుబాసీ కావాలి. అయితే దానికి గ్రంథాల అరబ్బీ చాలదు. వీధిలోని అరబ్బీ రావాలి, ఆంగ్లం రావాలి, రోగాల పేర్లు, మందుల పేర్లు తెలియాలి. మిగిలిన ఆరు నెలల్లో ఈ పదజాలం నేర్చుకోవాలని రాసుకున్నాడు. విద్యార్థిగా నివాసానుమతి ఉన్నంత మాత్రాన ఇక్కడ ఉద్యోగం చేసే హక్కు ఉండదు. కాబట్టి ఇక్కడ నేర్చుకోవడం, అక్కడ సంపాదించడం.

నాలుగోది అతనే పట్టుబట్టి రాసినది, తెలుగు. ఇక్కడ నా మనసు చివుక్కుమంది. మన పిల్లలు అరబ్బీ గ్రంథాన్ని ఉర్దూలో చక్కగా వివరిస్తారు. అదే విషయం తెలుగులో పది వాక్యాలు రాయమంటే కలం ఆగిపోతుంది. దివ్యఖుర్ఆన్‌ను తెలుగులోకి తొలిసారి అనువదించిన ఘనత గత శతాబ్ది ప్రథమార్ధంలో చిలుకూరి నారాయణరావు గారికి దక్కింది. ఆయన ముస్లిం కాదు, తెలుగు పండితుడు. ఆయన శ్రమకు మనం ఋణపడి ఉన్నాం. తర్వాత మనవారు ఎంతో కృషి చేశారు. అయినా హదీసు గ్రంథాలను మూలం నుండి నేరుగా తెలుగులోకి తేగల సమర్థులు ఇంకా ఎంతో మంది కావాలి. రోజుకొక పుట తెలుగులో రాసి నాకు పంపుతానని అతను మాట ఇచ్చాడు.

ఐదోది, ఎక్కడ ఏ పని చేసినా ఫజ్ర్ తర్వాత ఒక గంట మా మద్రసాలో ఉచితంగా పాఠం చెప్పాలి. ఊరికి దూరంగా ఉంటే ఫోను ద్వారానైనా చెప్పాలి. ధర్మవిద్యే మూలం, మిగతావన్నీ దాని చుట్టూ కంచె. దీన్ని కూడా అతనే రాశాడు.

ఈ సందర్భంలో సమాజ పెద్దలకు ఒక మనవి. మా ప్రాంతంలో ఎన్నో మస్జిదుల్లో ఇమాము గారి నెల జీతం ఒక మేస్త్రీ కూలీ లెక్కకు కూడా చాలదు. పాలరాతికి చందాలు వసూలవుతాయి, ఇమాము పిల్లల బడి ఫీజుకు కావు. వెయ్యేళ్ళ క్రితం మన పెద్దలు విద్యార్థి రొట్టెకు కూడా వఖ్ఫ్ చేసి పోయారు. మనం ఆలిము ఇంటి పొయ్యి గురించి ఆలోచించకుండా, అతను ధార్మిక రంగం వదిలివెళ్ళాడని నిందించడం న్యాయమేనా? ద్వారాలు వేరు వేరుగా ఉండవలసిందే. కానీ మస్జిదు ద్వారం కూడా వాటిలో ఒకటై ఉండాలి కదా!

తల్లిదండ్రులకు మరో మాట. విదేశీ ధార్మిక విశ్వవిద్యాలయం పేరు వినగానే అప్పులు చేసి పంపకండి. ముందు పిల్లవాణ్ణి కూర్చోబెట్టి అడగండి. ఏ కళాశాల, ఎన్నేళ్ళు, భాష కోసం అదనంగా ఎంత కాలం, ఖర్చెవరిది, తిరిగి వచ్చాక మొదటి ఏడాది ఎలా గడుస్తుంది? అడగడం అవిశ్వాసం కాదు. ఒంటెను కట్టి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్నది మన ప్రియ ప్రవక్త (స) నేర్పిన పద్ధతే.

ఐదో రోజు విమానాశ్రయంలో మేనల్లుడు ఒక కవరు నా చేతికిచ్చి, "ఇది అమ్మకు. మీరు చదివి వినిపించనక్కరలేదు" అన్నాడు. నేను ఆశ్చర్యపోయాను. అక్కయ్యకు ఉర్దూ చదవడం రాదు. ఆమె చదివినది తెలుగు బడిలో ఏడో తరగతి వరకు. ఇన్నేళ్ళూ అతను రాసిన ఉత్తరాలను నేనే చదివి వినిపించేవాణ్ణి.

ఇల్లు చేరాక జమ్‌జమ్ నీళ్ళు, ఖర్జూరాలు, ఆ కవరు అక్కయ్య ముందు పెట్టాను. ఆమె కుట్టుమిషను ఆపి, కళ్ళజోడు సవరించుకుని ఉత్తరం విప్పింది. తెలుగులో రాశాడు. ఒత్తులు తప్పాయి, దీర్ఘాలు ఎగిరిపోయాయి. పెదవులు కదుపుతూ మొదటి నుండి చివరి దాకా ఆమే చదువుకుంది. మళ్ళీ మొదటి నుండి చదివింది.

"ఒకటో తరగతి పిల్లవాడిలా రాశాడు" అని నవ్వింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, "పత్రాల పని పూర్తి కాకుండా విమానం ఎక్కవద్దని చెప్పు. ఆలస్యమైనా ఫరవాలేదు" అన్నది.

ఆ మరుసటి జుమా నమాజు తర్వాత నేను బస్టాండుకు వెళ్ళాను. ఆటో దగ్గర నా పాత శిష్యుడు సరుకు దించుతున్నాడు. ఈసారి అతను మొహం తిప్పుకునేలోగానే నేను సలాం చేసి, ఒక మూట అందుకున్నాను. వారంలో రెండు రాత్రులు మా పెద్ద పిల్లలకు అరబ్బీ వ్యాకరణం చెప్పమనీ, జీతం ఇస్తామనీ అడిగాను. ఆలోచించి చెబుతానన్నాడు. ఇంకా చెప్పలేదు. ఎదురు చూస్తున్నాను.

అల్లాహ్ మన పిల్లల విద్యలో శుభం కలిగించుగాక! వారి చేతులను ఇచ్చే చేతులుగా చేయుగాక! వారి కోసం తగిన ద్వారాలు తెరిచి, ఆ ద్వారాల దాకా నడిచే కాళ్ళనూ వారికి ప్రసాదించుగాక! ఆమీన్.